మా పార్కింగులో భూకంపం

ఫిబ్రవరి 1, శనివారం

ఆఫీసుకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. భవనాన్ని వేల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఎంత వంగుతుందో లెక్కగట్టి, అన్నీ కలిపి మొత్తం భవనం ఏం చేస్తుందో చూపిస్తుంది. ఎక్కడో ఎప్పుడో వచ్చిన భూకంపం రికార్డు దొరికితే అది కూడా దానికి తినిపించవచ్చు. అప్పుడు కంప్యూటర్‌లో నేల ఊగుతుంది, నేల మీది భవనమూ ఊగుతుంది.

మా ఆఫీసు యజమానిని అందరం పెద్దసారు అంటాం. క్లయింటు భవనం మీద చెయ్యి పెట్టే ముందు నీకు బాగా తెలిసిన భవనం ఒకటి చేసుకుని రామ్మా అన్నారాయన. నాకు బాగా తెలిసిన భవనం ఏముంది? పన్నెండేళ్ళుగా ఉంటున్న మా అపార్ట్‌మెంటే.

మా ఆయన విని, పాపం అది నీకేం అపకారం చేసింది అన్నారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

పొద్దున్నుంచీ టేపు పట్టుకుని పార్కింగులో తిరిగాను. కింద పదహారు కార్లు పట్టే చోటు, పైన అయిదంతస్తులు, మొత్తం ఇరవై ఇళ్ళు. పార్కింగులో గోడలు లేవు. ఇరవై స్తంభాలు, అంతే. పాత డ్రాయింగులు ఎవరి దగ్గరా లేవు.

డ్రాయింగులు లేకపోతేనేం, మేస్త్రీగారున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఈ భవనం కట్టింది ఆయనే. కట్టాక ఇందులోనే నాలుగో అంతస్తులో ఇల్లు కొనుక్కుని ఉండిపోయారు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. ఇరవై ఇళ్ళలో ఎవరి కుళాయి కారినా, ఎవరి గోడ బీటలు వారినా మొదట ఆయన తలుపే తడతారు. నన్ను చూసి లుంగీ ఎగ్గట్టుకుని దిగొచ్చారు. స్తంభాన్ని అరచేత్తో చరిచి, లోపల ఎనిమిది కడ్డీలు, జానెడుకో రింగు, రాసుకో అమ్మాయ్ అన్నారు.

కాంక్రీటు లోపలి కడ్డీలు చూపించే స్కానర్ ఆఫీసు నుంచి తెచ్చాను, అది పెట్టి చూశాను. ఎనిమిది కడ్డీలు. రింగుల మధ్య ఇరవై నాలుగు సెంటీమీటర్లు, ఇరవై మూడు, ఇరవై అయిదు. అక్షరాలా జానెడు. మీ మాటా మెషీన్ మాటా ఒకటేనండీ అన్నాను. ఆయన మురిసిపోయి నాకు టీ ఇప్పించారు.

ఫిబ్రవరి 6, గురువారం

కంప్యూటర్‌లో కట్టిన మా భవనం మోడల్ నడవలేదు. ఎర్రర్లు 214.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఎర్రర్లు 3. మూడో అంతస్తు బాల్కనీలు దేనికీ అతుక్కోకుండా గాల్లో ఉన్నాయట. అతికించాను. మూడో అంతస్తులో ఉండేది మేమే.

ఫిబ్రవరి 8, శనివారం, సాయంత్రం 4

నడిచింది! అమ్మయ్య!

నలభై సెకన్ల భూకంపం. ఎక్కడో దూరదేశంలో వచ్చింది, మరీ పెద్దదేం కాదు. తినిపించాను. ఫలితం వచ్చింది. పైకప్పు నలభై సెంటీమీటర్లు అటు, నలభై ఇటు. పార్కింగు స్తంభాలన్నీ ఎర్రబడిపోయాయి. ఎరుపంటే స్తంభం పని అయిపోయిందని అర్థం.

మా ఆయన్నీ అత్తయ్యనీ పిలిచి చూపించాను. కంటికి ఆనాలని సాఫ్ట్‌వేర్ కదలికను పది రెట్లు పెంచి చూపిస్తుంది. ఆ ముక్క చెప్పడం మరిచిపోయాను. భవనం పూటుగా తాగినవాడిలా ఊగుతోంది. అత్తయ్య నోటి మీద చెయ్యి వేసుకుని, ఇందులో మనం ఎక్కడున్నాం అని అడిగింది. మూడో అంతస్తు చూపించాను. ఆవిడ లేచి వెళ్ళి బాల్కనీ తలుపు గడియ పెట్టి వచ్చింది.

సాయంత్రం 6

కొంప ముంచారు మా ఆయన. తెర మీద నడుస్తున్నదాన్ని ఫోనులో వీడియో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశారు. కింద ఒక వాక్యం కూడా: మా ఆవిడ లెక్క ప్రకారం మన భవనం పరిస్థితి ఇదీ.

రెండో అంతస్తులో ఒక కుటుంబం మంచాలతో సహా చుట్టాలింటికి బయలుదేరింది. మా ఎదురింటివాళ్ళు టీవీ మెట్ల మీదుగా మోసుకుపోతున్నారు. భూకంపం కంప్యూటర్‌లో వచ్చిందండీ, ఇక్కడ కాదు అని మెట్ల మీద నిలబడి అరిచాను. ఎవరూ వినలేదు. ఎదురింటాయన, టీవీ ఎలాగూ దింపేశాం కదా, ఈ రాత్రికి కార్లోనే పడుకుంటాం అన్నాడు. కారు ఎక్కడుంది? ఆ స్తంభాల మధ్యనే.

ఫిబ్రవరి 9, ఆదివారం

మేస్త్రీగారు వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి ఫోనులో ఆ వీడియో చూపించి, నేను కట్టింది పడిపోతుందా అమ్మా అని అడిగారు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. లెక్క అలా వచ్చిందండీ అని నసిగాను. ఆయన తలూపి మెట్లెక్కి వెళ్ళిపోయారు. లిఫ్టు ఖాళీగానే ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం, మధ్యాహ్నం

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

పెద్దసారు నా మోడల్ తెరిచి, భవనం జోలికి పోకుండా ముందు నేల కదలిక గ్రాఫు చూశారు. ఈ రికార్డు పైన సున్నా పాయింట్ రెండు జీ అని రాసుంది, నీ గ్రాఫు రెండు జీ అంటోంది, నువ్వు వేసింది ఏ భూకంపమమ్మా అని అడిగారు.

రికార్డులో అంకెలు జీ లెక్కన, అంటే భూమ్యాకర్షణలో ఎన్నో వంతని ఉంటాయి. మీటర్లలోకి మార్చాలంటే 9.81తో గుణించాలి. నేను ఎక్సెల్‌లో బుద్ధిగా గుణించాను. రికార్డులు సిద్ధం చెయ్యడానికి ఆఫీసులో పాతకాలం నుంచీ వాడే టెంప్లేట్ కూడా తనంతట తను గుణిస్తుంది. అది ఆ టెంప్లేట్ తయారు చేసినవాళ్ళకి తెలుసు. తయారు చేసింది నేనే. పోయినేడు.

అంటే మా భవనాన్ని దాదాపు పదింతల భూకంపంతో కుదిపాను. ఎనిమిదేళ్ళ సర్వీసు నాది! కాలేజీ పిల్లలు చేసే తప్పు.

సాయంత్రం 6

ఒక గుణకారం తీసేసి మళ్ళీ నడిపాను. నలభై సెంటీమీటర్లు నాలుగయింది. వెంటనే గ్రూపులో క్షమాపణ రాశాను. లెక్క తప్పింది, తప్పు నాదే, మన భవనానికి ఏమీ కాదు, అందరూ నిశ్చింతగా ఉండండి అని. మేస్త్రీగారి ఇంటికి వెళ్ళి చేతులు పట్టుకుని మరీ చెప్పాను. ఆయన నవ్వారు. నాకు ముందే తెలుసులే అమ్మాయ్ అన్నారు.

మంచాలు తిరిగొచ్చాయి. నాకు కొత్త పేరు వచ్చింది: భూకంపం మేడమ్.

ఫిబ్రవరి 11, మంగళవారం

లిఫ్టులో రెండో అంతస్తు డాక్టరుగారు, తుమ్మొస్తోంది, తుమ్మొచ్చా మేడమ్ అని నన్ను పర్మిషన్ అడిగారు.

ఫిబ్రవరి 13, గురువారం

అనుకున్నంతా అయింది. కాదు, అసలు అనుకోనిది అయింది.

రిపోర్టు రాద్దామని అంతస్తువారీగా అంకెలు తీశాను. పైకప్పు కదిలింది నాలుగు సెంటీమీటర్లు. అందులో పార్కింగులోనే మూడూ ముప్పావు. పైన అయిదంతస్తులూ కలిపి మిగిలిన పావు. పైన ఇంటింటికీ ఇటుక గోడలున్నాయి కాబట్టి అదంతా ఒక పెట్టెలా బిగిసి కూర్చుంది. పెట్టె కింద కర్రలే ఊగుతున్నాయి. కర్రలకి జానెడుకో రింగు. లోపలి కడ్డీలు విచ్చుకోకుండా పట్టి ఉంచేవి ఆ రింగులే. బెత్తెడుకొకటి ఉండాల్సింది. ఇలాంటి స్తంభం రెండు సెంటీమీటర్ల వరకు ఎలాగో ఓర్చుకుంటుంది. మూడూ ముప్పావు అంటే చెప్పలేం.

మామూలు భూకంపం వస్తే చాలు. రేపే వస్తుందని కాదు, అసలు వస్తుందో రాదో తెలియదు. కానీ వస్తే ఇరవై ఇళ్ళూ ఆ స్తంభాల మీదే ఉంటాయి. సాయంత్రాలు పిల్లలు సైకిళ్ళు తొక్కేది వాటి మధ్యనే.

ఏమీ కాదని మూడు రోజుల కిందటే అందరికీ రాసిచ్చాను. ఒక్క పూట ఆగి అంకెలు పూర్తిగా చూసి ఉంటే నా సొమ్మేం పోయేది? తొందర, తొందర. పెళ్ళిచూపుల నాడు కూడా వాళ్ళు అడగకముందే సరే అన్నాను.

అత్తయ్యకి చెప్పాను. ముందు పడుతుందన్నావు, తరువాత పడదన్నావు, ఇప్పుడు మళ్ళీ పడుతుందంటున్నావు, టీవీలో వానలు చెప్పేవాడు నీకంటే నయం కదే అంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పెద్దసారు సాఫ్ట్‌వేర్ ముట్టుకోలేదు. ఒక కవరు వెనక పెన్సిల్‌తో పైన ఒక డబ్బా, కింద రెండు గీతలు గీసి పది నిమిషాలు లెక్క వేశారు. మూడున్నర సెంటీమీటర్లు వచ్చింది. ఈసారి నీ లెక్క సరిగ్గానే ఉందమ్మా అన్నారు. ఇంత దిగులుగా మెప్పు అందుకోవడం ఇదే మొదలు.

పరిష్కారం పెద్ద కష్టం కాదు. పార్కింగులో నాలుగు చోట్ల స్తంభానికీ స్తంభానికీ మధ్య కాంక్రీటు గోడ లేపితే చాలు. నాలుగు కార్ల చోటు పోతుంది. ఆదివారం మీటింగు పెట్టమని మా అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటుగారిని అడిగాను. ఏం మేడమ్, ఈసారి సునామీయా అన్నారు.

ఫిబ్రవరి 16, ఆదివారం, మధ్యాహ్నం

అయిపోయింది. నా పరువు పార్కింగులో పరిచి అందరూ తొక్కారు.

అంకెలన్నీ చెప్పాను. గోడలు కట్టాల్సిన నాలుగు చోట్లూ సుద్దముక్కతో గీసి చూపించాను. అందులో రెండు ప్రెసిడెంటుగారి కార్లవే. నేనేం కావాలని గీయలేదు, గోడలు సమతూకంగా ఉండాలంటే అక్కడే రావాలి. ఆయన మాత్రం, భూకంపానికి నా కార్ల మీద పగ ఎందుకో అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. తరువాత, పోయిన సోమవారం మీరు రాసింది చదవమంటారా అని ఫోను తీసి, ఏమీ కాదు, నిశ్చింతగా ఉండండి, అని గట్టిగా చదివారు. 

మేస్త్రీగారు లేచారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని తుఫానులు వచ్చాయో లెక్క చెప్పారు. ఒక్క పగులు చూపించండి అన్నారు. ఈ అమ్మాయి మౌసుతో లెక్కపెట్టింది, నేను చేతులతో లెక్కపెట్టాను అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. అప్పుడు కూడా ఆయన నా వైపు చూడలేదు. సుద్దగీతల వైపు చూస్తూ నిలబడ్డారు.

ఓటింగులో నా వైపు ముగ్గురు. నేను, మా ఆయన, మూడో అంతస్తు డాన్స్ మేడమ్. అత్తయ్య తటస్థం.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. అత్తయ్య వచ్చి కుళాయి కట్టేసి, ఏడిస్తే ఏడువు గానీ నీళ్ళు ఎందుకు పారబోస్తావు అంది. కాసేపు పక్కనే నిలబడింది. నీకు నిజంగా భయంగా ఉందా అని అడిగింది. ఉంది అత్తయ్యా, లెక్క సరిగ్గా ఉంది, చెప్పడమే చేతకాలేదు అన్నాను. అయితే ఇంకోలా చెప్పు, దానికి ఏడుపెందుకు అంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇంకోలా దొరికింది!

పెద్దసారు మధ్యాహ్నం మాటల్లో అన్నారు. ప్రతి భవనానికీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది, నీ మోడల్ ఆ ఊపు ఎంతని చెబుతోంది అని. 0.62 సెకను. ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం. భూకంపం లేకుండానే దాన్ని కొలవచ్చు. ఊయల తోసినట్టే. సరైన లయలో కొంచెం కొంచెం తోస్తే పెద్దదిగా ఊగుతుంది, లయ తప్పితే పలకదు.

తోసేది ఎవరు? మనుషులు. యాభై మంది మేడ మీద నిలబడి, పాదాలు ఎత్తకుండా, ఒకే లయలో పక్కకి ఊగితే చాలు. పెద్దసారు పెన్సిల్ తీశారు. భవనం ఒక మిల్లీమీటరు కూడా కదలదట. వీధిలో లారీ వెళితే ఎంతో అంత. ప్రమాదం లేదు. కానీ ఫోనులో సెన్సర్‌కి తెలుస్తుంది. మనుషులకి కూడా అరికాళ్ళకి అందవచ్చు.

0.62 సెకను అంటే నిమిషానికి తొంభై ఏడు ఊపులు.

ఫిబ్రవరి 20, గురువారం

రెండు అంకెలు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి ప్రెసిడెంటుగారి చేతికిచ్చాను. మొదటిది, మన భవనం ఏ లయకి పలుకుతుందో. రెండోది, పైకప్పు పది పాళ్ళు కదిలితే మొదటి అంతస్తు నేల ఎన్ని పాళ్ళు కదులుతుందో. భవనం నిటారు చెట్టులా వంగేదైతే అది రెండో మూడో ఉండాలి. నేను తొమ్మిది రాశాను. కదలికంతా పార్కింగులోనే అయిపోతోంది కాబట్టి.

రెండూ తప్పితే ఇంక జన్మలో భూకంపం మాట ఎత్తను, గ్రూపు నుంచి కూడా పోతాను అన్నాను. ఆయనకి ఆ చివరి షరతు బాగా నచ్చినట్టుంది. వెంటనే ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

మొత్తం రాస్తాను. ఒక్క ముక్క వదలను.

ఉదయం తొమ్మిదికి మేడ మీద యాభై రెండు మంది. తమాషా చూద్దామని వచ్చినవాళ్ళే అందరూ. డాన్స్ మేడమ్ నీళ్ళ ట్యాంకు మెట్టెక్కి, లయ కొట్టే మెట్రోనోమ్‌ని స్పీకర్‌కి కలిపింది. టక్, టక్. ఒక్కో టక్కుకి కుడికి ఊగి రావాలి. పాదాలు కదిపితే ఊరుకోను అంది. మొదట ఒక్కరికీ కుదరలేదు. డాక్టరుగారు అందరికీ ఎదురు ఊగుతున్నారు. ఆయన భార్య నడుం పట్టుకుని తిప్పింది.

ఫోన్లు మూడు పెట్టాను. పైకప్పు మీద ఒకటి, మూడో అంతస్తులో మా హాల్లో ఒకటి, మొదటి అంతస్తు నేల మీద ఒకటి. పైకప్పు ఫోను దగ్గర పళ్ళెంలో నీళ్ళు పోసి అత్తయ్య కాపలా కూర్చుంది.

మేస్త్రీగారు పైకి రాలేదు. పార్కింగులో ఉన్నారని ఎవరో చెప్పారు. ఒక్కరే.

ఏ లయతో మొదలుపెట్టాలో నన్ను చెప్పనివ్వలేదు. ప్రెసిడెంటుగారే చెప్పారు. డెబ్బై. యాభై రెండు మందీ ఒక నిమిషం ఊగారు. పళ్ళెంలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నూట ఇరవై. రెండో అంతస్తు పిన్నిగారు కళ్ళు తిరుగుతున్నాయని కూర్చున్నారు. నీళ్ళు కదల్లేదు. ప్రెసిడెంటుగారు కవరుతో విసురుకుంటూ నవ్వారు.

డాన్స్ మేడమ్ ఇలా కాదని, ఎనభై నుంచి రెండేసి పెంచుతూ వచ్చింది. ఎనభై రెండు, ఎనభై నాలుగు. ఏమీ లేదు. తొంభై. అత్తయ్య పళ్ళెం వైపు వంగింది. తొంభై రెండు. నీళ్ళలో సన్నని ముడత. తొంభై నాలుగు.

అరికాళ్ళ కింద నేల మెత్తగా పక్కకి వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళి వచ్చింది.  అమ్మో, అని ఎవరో మెల్లగా అన్నారు. పళ్ళెంలో నీళ్ళు అంచులు తాకుతున్నాయి. అత్తయ్య చెయ్యెత్తి, కదిలింది కదిలింది, ఇక ఆపండర్రా అని కేకేసింది. డాన్స్ మేడమ్ ఆపలేదు. తొంభై ఆరు. తగ్గింది. తొంభై ఎనిమిది. పోయింది.

నా ప్రాణం ఉసూరుమంది. నేను రాసింది తొంభై ఏడు.

ప్రెసిడెంటుగారు కవరు చించి చదివారు. తొంభై ఏడని రాశారు, తొంభై నాలుగొచ్చింది, మూడు తప్పింది అన్నారు. అవునండీ తప్పింది అన్నాను. అబద్ధం ఎందుకు ఆడాలి? డాన్స్ మేడమ్ ట్యాంకు మెట్టు మీద నుంచే, ముప్ఫై ఏళ్ళుగా డాన్స్ నేర్పుతున్నాను, నిమిషానికి మూడు తేడా ఉంటే స్టేజీ మీద నేనే పట్టుకోలేను, ఈవిడ భవనాన్ని ముట్టుకోకుండా పట్టుకుంది అని కసిరింది.

రెండో అంకె చూద్దామన్నారు. మూడు ఫోన్లూ పక్కపక్కన పెట్టాం. పైకప్పు పది పాళ్ళనుకుంటే మా హాలు తొమ్మిదిన్నర. మొదటి అంతస్తు ఎనిమిదీ ముప్పావు.

డాక్టరుగారు ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, అంటే కింద సున్నా, ఒక్క అంతస్తు ఎక్కగానే ఎనిమిదీ ముప్పావు, మరి ఆ తేడా అంతా ఎక్కడ పోయింది అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే ఆయన మొహం మారింది. కార్ల దగ్గర, అన్నారు తనే.

అప్పుడు మెట్ల తలుపు తెరుచుకుని మేస్త్రీగారు వచ్చారు. ఆరంతస్తులూ నడిచి ఎక్కారు. ఆయాసం తీరాక, మీరు ఎన్ని రకాలుగా ఊగారో నాకు తెలియదు, కానీ చివరి నుంచి మూడోసారి ఊగినప్పుడు స్తంభం మీద చెయ్యేసి ఉన్నాను, అది ఊపిరి తీసింది అన్నారు. చివరి నుంచి మూడోది అంటే తొంభై నాలుగు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అందరూ ఆయన వైపు చూస్తున్నారు. ఆయన నా వైపు చూశారు. మొదటి ప్లానులో కింద గోడలుండేవమ్మా అన్నారు. కొట్లు కడదామనుకున్నారట. సగం కట్టాక కొనేవాళ్ళు కార్లకి చోటు కావాలన్నారు. గోడలు తీసేస్తే ఏమవుతుందని ఇంజనీరుని అడగాలని అప్పుడే అనిపించింది, కానీ స్తంభాలున్నాయిగా అనుకుని నేనే తీయించాను అన్నారు. నువ్వు సుద్దముక్కతో గీసిన నాలుగు చోట్లలో మూడు ఆ గోడలవే అన్నారు. మీటింగులో అది చూడగానే గుర్తుపట్టాను, అయినా నిన్నే తప్పుబట్టాను, నన్ను క్షమించు తల్లీ అన్నారు.

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. ఏడుస్తున్నానని అత్తయ్య తరువాత చెప్పింది. ఈసారి నీళ్ళు మాత్రం వృథా చెయ్యలేదు అంది.

ఓటింగు మేడ మీదే అయింది. ఈసారి ఇంటికొక ఓటు. ఇరవైకి పంతొమ్మిది. ప్రెసిడెంటుగారు చెయ్యెత్తలేదు. డాక్టరుగారు, మరోసారి ఊగుదామా సార్ అన్నారు. ఎత్తారు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇరవై ఇళ్ళలోనూ తొడల నొప్పులు. పనిలోకి ఎవరూ సరిగ్గా వెళ్ళలేదట.

మార్చి 9, ఆదివారం

గోడల డ్రాయింగులు పూర్తయ్యాయి. పెద్దసారు ఒక్కో గీతా చూసి సంతకం పెట్టారు. టెంప్లేట్‌లో ఆ గుణకారం తీసేశాను. తీసేసి, తీసేశానని పక్కన ఎర్రక్షరాలతో రాశాను. రాసి, పెద్దసారుకి చూపించాను. మళ్ళీ మర్నాడు చూశాను.

మేస్త్రీగారు డ్రాయింగు తీసుకుని ఇంటికి వెళ్ళి, గంట తరువాత ఒక అనుమానంతో తిరిగొచ్చారు. పాత స్తంభంలోకి కొత్త కడ్డీలు ఎంత లోతు దించాలో అందులో లేదు. నిజంగానే లేదు. నేను మరిచిపోయాను. ఇలాంటివి అడగడం ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటే నేర్చుకోవాల్సింది అన్నారాయన.

మార్చి 22, శనివారం

పార్కింగులో పని మొదలైంది. మేస్త్రీగారు స్టూలు వేసుకుని కూర్చున్నారు. చెయ్యి అడ్డం పెట్టి ప్రతి రింగూ కొలుస్తున్నారు. బెత్తెడు, బెత్తెడు, బెత్తెడు. ఒకటి కొంచెం ఎడంగా ఉంటే విప్పించారు. పనివాళ్ళలో ఒకాయన, పాత స్తంభాలకి జానెడుకొకటేగా ఉంది తాతా, ఎవడు కట్టాడో అన్నాడట. నేనేరా కట్టింది, అందుకే విప్పమంటున్నాను అన్నారట.

ఏప్రిల్ 6, ఆదివారం

నాలుగో గోడ కాంక్రీటు పోశారు. ప్రెసిడెంటుగారు తన రెండో కారు అమ్మేశారు. ఎలాగూ పాతబడింది అంటున్నారు. వీధిలో పెట్టుకోవచ్చు కదండీ అంటే, భూకంపం మేడమ్ చెప్పింది కాబట్టి వీధి మీద కూడా నమ్మకం పోయింది అన్నారు. కానీ నవ్వుతూనే అన్నారు.

ఏప్రిల్ 20, ఆదివారం, ఉదయం 11

మేస్త్రీగారు మా హాల్లో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, గోడలున్న భవనానికి భూకంపం వెయ్యమన్నారు. వేశాను. నలభై సెకన్లూ రెప్ప వాల్చలేదు. కదలడం లేదేమిటమ్మా అన్నారు. కదిలింది, పార్కింగులో నాలుగు మిల్లీమీటర్లు అన్నాను. మళ్ళీ వెయ్యమన్నారు. వేశాను. మళ్ళీ వేశాను. నాలుగోసారి అయ్యాక, నీ దగ్గర ఇంతకంటే పెద్దది లేదా అని అడిగారు.

ఉందన్నాను.

కుర్చీ ముందుకి జరుపుకుని, రానియ్యి అన్నారు.